ఫ్రేజల్ వెర్బుల అర్థం తోకలో ఉంటుంది: అప్, అవుట్, ఆఫ్‌లను పట్టుకుని అర్థం రాబట్టడం ఎలా

‘స్విచ్ ఆన్ ద లైట్’ అన్న ఇంగ్లీషు మాట మన ఇళ్ళలోకి వచ్చేసరికి ‘లైటు ఆన్ చెయ్యి’ అయింది. అసలు క్రియ ‘స్విచ్’ రాలిపోయింది, దాని తోక ‘ఆన్’ మిగిలింది. ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్యి’, ‘వాడు అవుటయ్యాడు’, ‘మరీ ఓవర్ చెయ్యకు’ అన్నవన్నీ ఇదే తీరు. ఎవరూ నేర్పకుండానే తెలుగువాళ్ళు పనికొచ్చే ముక్కనే దగ్గర పెట్టుకున్నారు. ఏం పని జరిగిందో క్రియ చెబుతుంది. ఆ పని ఎటు పోయి ఎక్కడ తేలిందో చెప్పేది ఆ చిన్నమాటే. వ్యాకరణంలో దాన్ని పార్టికల్ అంటారు, క్రియా పార్టికలూ కలిసిన జంటను ఫ్రేజల్ వెర్బ్ అంటారు.

పోటీ పరీక్షల నోట్సుల్లో ఇవి క్రియల వారీగా ఉంటాయి. ‘గెట్’ కింద ఒక పేజీ, ‘పుట్’ కింద ఒక పేజీ, ‘టేక్’ కింద రెండు పేజీలు. పొద్దున బట్టీ పడితే సాయంత్రానికి అన్నీ కలగాపులగం అవుతాయి. కారణం జ్ఞాపకశక్తి కాదు, జాబితా కట్టిన తీరు. గెట్, పుట్, టేక్, గో, కమ్ లాంటివి మరీ సాదా క్రియలు, వాటిలో పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అదే జాబితాను తిరగేసి ‘అప్’ కింద ఒక పేజీ, ‘అవుట్’ కింద ఒక పేజీ కడితే పోలికలు పైకి తేలతాయి.

ఇబ్బంది మనది మాత్రమే కాదు. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ కూడా, పరదేశీయులకు తమ భాషలో అన్నిటికన్నా కష్టం ఇక్కడే అని దాని ముందుమాటలో రాశాడు. అయితే తెలుగువాళ్ళకు రెండు సౌకర్యాలున్నాయి. ఒకటి ఉపసర్గలు. ‘హృ’ ధాతువు ఒక్కటే, ముందు చేరిన ఉపసర్గను బట్టి ఆహారం, విహారం, సంహారం, పరిహారం అవుతుంది. ఇంగ్లీషులో ఆ ముక్క క్రియ వెనక్కి వెళ్ళి విడిగా నిలబడింది, అంతే.

రెండోది ఇంకా దగ్గరిది. తిను – తినేయ్, ఆరు – ఆరిపో, రాయి – రాసిపెట్టుకో, మూయు – మూతపడు, తెలియు – తెలిసొచ్చు. తెలుగులో వెనక చేరే ‘వేయు, పోవు, పెట్టు, పడు, వచ్చు’ చేసే పని ఏమిటి? మొదటి మాట చెప్పిన పని చివరికి ఏమైందో చెప్పడం. పార్టికల్ చేసేదీ అదే. కాబట్టి ఫ్రేజల్ వెర్బుకు తెలుగు వెతికేటప్పుడు ఒంటి క్రియ కాకుండా ఇలాంటి జంట క్రియ దొరుకుతుందేమో ముందు చూడండి. ఆశ్చర్యం అనిపించేంత తరచుగా దొరుకుతుంది.

మూడు ప్రశ్నలు

కొత్త ఫ్రేజల్ వెర్బ్ ఎదురైనప్పుడు నిఘంటువు తెరిచే ముందు ఈ మూడూ వేసుకోండి. కదులుతున్నది ఎవరు, కర్తా కర్మా? ఆ కదలిక కంటికి కనిపించేదా, ఊహలోదా? కదలిక ఆగాక ఆ వస్తువు ఎక్కడుంది, ఏ స్థితిలో ఉంది?

‘ద ఫైర్‌మెన్ పుట్ అవుట్ ద ఫైర్’ చూడండి. కదిలింది కర్మ, అంటే మంట. మంటను ఎత్తి బయట పెట్టలేం కాబట్టి కదలిక ఊహలోది. చివరికి మంట ‘ఉండటం’ అనే గీత దాటి బయటికి పోయింది. అంటే ఆర్పేశారు. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ కూడా అంతే. మీటింగ్ అనుకున్న తేదీ మీద కూర్చుని ఉంది, దాన్ని అక్కణ్ణుంచి తీసి అవతల పెట్టారు, అంటే వాయిదా వేశారు. క్రియ రెండింట్లోనూ ‘పుట్’ అనే ఉంది. అర్థాన్ని ఆర్పడం నుంచి వాయిదా దాకా లాక్కెళ్ళింది పార్టికలే.

ఒక గమనిక: ఈ వ్యాసంలో ‘ఆఫ్’ అని రాసిన చోటల్లా రెండు ఎఫ్‌లున్న మాట అని తీసుకోండి. ఒకే ఎఫ్ ఉన్న దాన్ని ‘అవ్’ అని రాశాం.

అప్

స్టాండ్ అప్, గెట్ అప్, పిక్ అప్: వస్తువో మనిషో పైకి లేవడం. ఇక్కడ చెప్పడానికేమీ లేదు. దాన్ని ఆనుకునే రెండో అర్థం ఉంది. బిందెలో నీళ్ళు పెరిగితే మట్టం పైకొస్తుంది, అంటే పైకి పోవడమూ ఎక్కువ కావడమూ ఒకేసారి జరుగుతాయి. అందుకే ధరలు ‘గో అప్’, టీవీ సౌండును ‘టర్న్ అప్’, బండి ‘స్పీడ్ అప్’, వినపడటం లేదు గట్టిగా మాట్లాడమంటే ‘స్పీక్ అప్’. పిల్లల్ని ‘బ్రింగ్ అప్’ అంటే పెంచడం, వాళ్ళు ‘గ్రో అప్’ అంటే పెరిగి పెద్దవడం.

చాలామంది తడబడేది మూడో అర్థం దగ్గర. బిందెలో మట్టం అంచు దాకా వచ్చేస్తే ఇక పోయడానికి చోటుండదు, పని అయిపోయినట్టే. ‘ఫిల్ అప్’ అంటే నింపేయడం. అక్కణ్ణుంచే ‘అప్’కు ‘పూర్తిగా’ అన్న అర్థం అంటుకుంది. ‘ఈట్’ అంటే తిను, ‘ఈట్ అప్’ అంటే కంచంలో మెతుకు మిగల్చకుండా తినేయ్. ‘డ్రింక్ అప్’ తాగేయ్, ‘యూజ్ అప్’ వాడేయ్, ‘టేర్ అప్’ చింపేయ్. తెలుగు క్రియకు ‘ఏయ్’ తగిలించి చూడండి. సహజంగా అతికితే అది పూర్తిచేసే ‘అప్’ అయ్యే అవకాశం ఎక్కువ. ‘స్టాండ్ అప్’ను ‘నిలబడేయ్’ అనం కదా, అక్కడ ‘అప్’ ఉత్త దిక్కే.

‘గివ్ అప్’ చిక్కు కూడా దీనితో విడిపోతుంది. ‘గివ్’ అంటే ఇవ్వడం అయితే ‘గివ్ అప్ స్మోకింగ్’ మానుకోవడం ఎలా అయింది? మొదట్లో ఆ మాటకు కోటనో ఖైదీనో అవతలివాళ్ళకు అప్పగించేయడం అని అర్థం. చేతిలో ఉన్నదంతా ఇచ్చేసినవాడికి మిగిలేది వదులుకోవడమే. తెలుగులో ఏమంటాం? మానేయడం, వదిలేయడం. రెండింట్లోనూ ‘వేయు’ ఉంది.

ఈ ‘పూర్తిగా’ అర్థం ఒక చివర ఉన్న పనులకే అతుకుతుంది. తినడానికి చివర ఉంది, కాల్చడానికి ఉంది, నింపడానికి ఉంది. తెలిసి ఉండటం, ఇష్టపడటం లాంటి వాటికి లేదు కాబట్టి ‘నో అప్’, ‘లైక్ అప్’ అన్న మాటలు పుట్టలేదు. సొంతంగా ‘అప్’ తగిలించాలని చెయ్యి దురద పెట్టినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

మిగిలినవి రెండు. బట్టను, తలుపును, మూటను దగ్గరికి చేర్చి మూసే ‘అప్’ ఒకటి: బటన్ అప్, జిప్ అప్, టై అప్, లాక్ అప్, ర్యాప్ అప్. పోలీసు స్టేషను లాకప్ ఇక్కణ్ణుంచి వచ్చిందే. రెండోది కంటి ముందుకు రావడం: షో అప్, టర్న్ అప్, కమ్ అప్. ‘సంథింగ్ కేమ్ అప్’ అంటే అనుకోని పనేదో వచ్చిపడింది అని. ఎవరి పక్కకైనా చేరుకునే ‘క్యాచ్ అప్’, వెనకబడకుండా నడిచే ‘కీప్ అప్’ కూడా ఈ గుంపులోవే.

అవుట్

ఇది అన్నిటికన్నా తికమక పెడుతుంది. ‘ద స్టార్స్ కేమ్ అవుట్’ అంటే చుక్కలు కనిపించాయి. ‘ద లైట్ వెంట్ అవుట్’ అంటే దీపం కనిపించకుండా పోయింది. ఒకే ‘అవుట్’ ఉన్నదాన్ని లేకుండానూ చేస్తుంది, లేనిదాన్ని తెచ్చీ చూపిస్తుంది. వైరుధ్యంలా కనిపిస్తుంది గానీ కాదు. చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్నదే తేడా.

ఒక గది ఊహించుకోండి. మీరు బయట ఉన్నారు, లోపలి వస్తువు బయటికొచ్చింది. అంటే మీకు కనిపించింది, తెలిసింది. ఇది మొదటి ‘అవుట్’: ఫైండ్ అవుట్, ఫిగర్ అవుట్, వర్క్ అవుట్, పాయింట్ అవుట్, టర్న్ అవుట్. పుస్తకం ‘కమ్ అవుట్’ అంటే వెలువడటం. తెలుగులోనూ నిజం ‘బయటపడింది’, రహస్యం ‘బయటపెట్టాడు’, చివరికి వాడే దొంగ అని ‘తేలింది’ అంటాం. ‘తేలింది’ అన్నది ‘టర్న్డ్ అవుట్’కు అచ్చంగా సరిపోయే మాట. ‘ఇట్ టర్న్డ్ అవుట్ దట్...’ అని మొదలయ్యే వాక్యాన్ని ‘చివరికి తేలిందేమిటంటే’ అని చదువుకోండి.

ఇప్పుడు మీరు గది లోపల ఉన్నారు. మీతో ఉన్నది బయటికి పోయింది. ఇక లేదు. ఇది రెండో ‘అవుట్’: గో అవుట్, పుట్ అవుట్, బ్లో అవుట్, డై అవుట్, సెల్ అవుట్, వేర్ అవుట్. వీటికి తెలుగులో ‘పో’ వస్తుంది. ఆరిపోయింది, అంతరించిపోయింది, అమ్ముడుపోయింది, అరిగిపోయింది.

ఏ గదిలో ఉన్నామో తెలియడానికి కమ్, గో బాగా సాయపడతాయి. మన వైపు వస్తే కమ్, మన నుంచి పోతే గో. ‘కరెంటు వచ్చింది, కరెంటు పోయింది’ అనే ఊళ్ళలో ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

‘రన్ అవుట్’ దగ్గర వాక్యం కట్టడంలో పొరపాటు జరుగుతుంది. ‘పాలు అయిపోయాయి’ అన్నదాన్ని ‘మిల్క్ ఈజ్ ఓవర్’ అని చెప్పడం మనకు అలవాటు. అక్కడివాళ్ళ నోట అది రెండు రకాలుగా వస్తుంది: ‘ద మిల్క్ హ్యాజ్ రన్ అవుట్’ లేదా ‘వి హ్యావ్ రన్ అవుట్ అవ్ మిల్క్’. మనిషి కర్త అయితే ‘అవ్’ తప్పనిసరి, పాలు కర్త అయితే ‘అవ్’ రాకూడదు. ‘ఓవర్’ను మీటింగుకూ ఆటకూ సినిమాకూ ఉంచండి, సరుకులకు వద్దు.

పంచడం కూడా ‘అవుట్’ పనే: హ్యాండ్ అవుట్, గివ్ అవుట్. ఒక చేతి నుంచి నలుగురి చేతుల్లోకి పోవడం. జాబితాలోంచి తీసేయడం ఇంకొకటి: లీవ్ అవుట్, క్రాస్ అవుట్, రూల్ అవుట్, చదువు మధ్యలో మానేసిన డ్రాప్ అవుట్.

ఆఫ్, ఆన్

‘ఆన్’ అంటే అంటిపెట్టుకుని ఉండటం, ‘ఆఫ్’ అంటే ఆ అంటు విడిపోవడం. ఈ రెండు ముక్కలు మనసులో ఉంటే చాలావరకు నడిచిపోతుంది.

ఒంటికి అంటేవన్నీ ‘పుట్ ఆన్’. మనకు చీర కట్టుకోవడం, చొక్కా వేసుకోవడం, చెప్పులు తొడుక్కోవడం, కళ్ళజోడు పెట్టుకోవడం, సెంటు పూసుకోవడం వేరువేరు క్రియలు. ఇంగ్లీషువాడికి అన్నిటికీ అదొక్కటే. తీసేయడానికీ ‘టేక్ ఆఫ్’ అనే ఒక్క మాటే చాలుతుంది. అయితే ‘పుట్ ఆన్’ ఒంటి మీదికి చేర్చే క్షణాన్ని చెబుతుంది, తర్వాత వేసుకుని ఉండటాన్ని ‘వేర్’ చెబుతుంది. ‘ఐ యామ్ పుటింగ్ ఆన్ ఎ బ్లూ షర్ట్’ అని ఫోన్లో గుర్తులు చెబితే ఇంకా గుండీలు పెట్టుకుంటున్నారనుకుంటారు.

అంటిపెట్టుకుని ఉండటం కాలానికి వర్తిస్తే కొనసాగడం అవుతుంది: గో ఆన్, క్యారీ ఆన్, కీప్ ఆన్. తెలుగులో ‘చెబుతూ పో’, ‘కానివ్వండి’. ‘హోల్డ్ ఆన్’, ‘హ్యాంగ్ ఆన్’ అంటే లైన్లోనే ఉండండి అని. ‘హ్యాంగ్ అప్’ మాత్రం ఫోన్ పెట్టేయడం. పాత రోజుల్లో గోడకున్న ఫోనుకు రిసీవర్‌ను పైన కొక్కేనికి తగిలిస్తే మాట తెగిపోయేది, ఆ ‘అప్’ ఇంకా మిగిలింది. మనం ‘కట్ ద కాల్’ అంటాం, వాళ్ళు అనరు.

బస్సు, రైలు, విమానం: గెట్ ఆన్, గెట్ ఆఫ్. కారు, ఆటో: గెట్ ఇన్, గెట్ అవుట్ అవ్. లోపల నిలబడి నడవగలిగితే ‘ఆన్’, వంగి కూర్చోవాల్సి వస్తే ‘ఇన్’. సైకిలూ బైకూ మీద కూర్చుంటాం కాబట్టి అవీ ‘ఆన్’. మనకు అన్నీ ఎక్కడం, దిగడమే కావడంతో ఈ తేడా చెవికి తట్టదు.

ఇక ‘ఆఫ్’. విడిపోవడం నుంచే మిగతావన్నీ పుడతాయి. ముక్క విడిపోతే బ్రేక్ ఆఫ్, కట్ ఆఫ్. మనిషి ఉన్నచోటి నుంచి విడిపోతే సెట్ ఆఫ్, బయల్దేరడం. విమానం నేల నుంచి విడిపోతే టేక్ ఆఫ్. ఉద్యోగం నుంచి విడదీస్తే లే ఆఫ్. అప్పు మన మీద నుంచి దిగిపోతే పే ఆఫ్, తీర్చేయడం. ‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’ మధ్య తేడా ఉద్యోగాల్లో అవసరం పడుతుంది. మొదటిది వాయిదా, ఇంకో తేదీన జరుగుతుంది. రెండోది రద్దు, ఇక జరగదు.

‘గో ఆఫ్’ దగ్గర అనువాదాలు బోల్తా పడతాయి. ‘ద అలారం వెంట్ ఆఫ్ ఎట్ ఫైవ్’ అంటే అయిదింటికి అలారం ఆగిపోయింది అని రాసేస్తారు. నిజానికి మోగింది అని. బాంబు గోస్ ఆఫ్ అంటే పేలింది, తుపాకీ అయినా అంతే. కానీ ‘ద లైట్స్ వెంట్ ఆఫ్’ అంటే ఆరిపోయాయి. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ద మిల్క్ హ్యాజ్ గాన్ ఆఫ్’ అంటే పాలు పాడైపోయాయి. నాలుగింటిలోనూ వస్తువు అంతదాకా ఉన్న స్థితిని విడిచిపెట్టింది, అంతే. తేల్చుకోవడానికి కర్తను చూడాలి. బిగించి పెట్టి, సమయం కోసం కాచుకుని ఉన్నదైతే (అలారం, బాంబు, తుపాకీ) ఆ పట్టు వదిలి మోగుతుంది, పేలుతుంది. నడుస్తూ ఉన్నదైతే (లైటు, ఫ్యాను) నడక వదిలి ఆగుతుంది. తినేదో తాగేదో అయితే మంచి స్థితి వదిలి పాడవుతుంది.

‘వేర్ ఆఫ్’, ‘వేర్ అవుట్’ జంటను కూడా విడదీసి పెట్టుకోండి. మత్తు ఇంజెక్షను ప్రభావం వేర్ ఆఫ్ అవుతుంది, మెల్లగా మనల్ని విడిచిపోతుంది. చెప్పులు వేర్ అవుట్ అవుతాయి, అరిగి ఇక పనికిరావు.

డౌన్

కిందికి, తక్కువకి, ఆగిపోయే దాకా. స్లో డౌన్, కట్ డౌన్, కామ్ డౌన్ తగ్గేవి. బ్రేక్ డౌన్, షట్ డౌన్, క్లోజ్ డౌన్ ఆగేవి. తెలుగులో ఇవి ‘పడు’తో పలుకుతాయి: చల్లబడింది, కుదుటపడింది, మూతపడింది. ‘టర్న్ డౌన్’ సౌండుతో వస్తే తగ్గించడం, ఉద్యోగమో పెళ్ళి సంబంధమో అయితే కాదనడం.

రైట్ డౌన్, నోట్ డౌన్, టేక్ డౌన్‌లలో గాలిలో ఉన్న మాట కిందికి దిగి కాగితం మీద కుదురుకుంటుంది. ‘రాసిపెట్టుకో’లోని ‘పెట్టు’ చేసే పని అదే. ‘రైట్ అప్’ వేరు. విడివిడి నోట్సును పూర్తి నివేదికగా రాయడం, మళ్ళీ అదే పూర్తిచేసే ‘అప్’.

ఇల్లు ‘బర్న్ డౌన్’ అవుతుంది, కాగితాలు ‘బర్న్ అప్’ అవుతాయి. వింతేమీ కాదు. నిలబడి ఉన్నది కాలి కూలింది, చేతిలో ఉన్నది కాలి అయిపోయింది. చెట్టును ముందు ‘కట్ డౌన్’ చేస్తారు, తర్వాత దుంగను ‘కట్ అప్’ చేస్తారు.

మిగతావి త్వరగా

‘ఓవర్’ మీదుగా దాటడం. పాలు ‘బాయిల్ ఓవర్’ అంటే అంచు దాటి పొంగిపోవడం, జబ్బు నుంచి ‘గెట్ ఓవర్’ అంటే తేరుకోవడం, తాళాలు ‘హ్యాండ్ ఓవర్’ అంటే అప్పగించడం. ‘థింక్ ఓవర్’, ‘టాక్ ఓవర్’లలో విషయాన్ని అన్ని వైపులా ఒకసారి చూసి రావడం ఉంది. ఈ పార్టికల్ ముందుకు దూకితే అర్థం మారిపోతుంది. ‘లుక్ ఓవర్’ చూసి సరిచూడటం, ‘ఓవర్‌లుక్’ చూడకుండా వదిలేయడం. కంపెనీని ‘టేక్ ఓవర్’ చేస్తారు, లారీని ‘ఓవర్‌టేక్’ చేస్తారు. పై అధికారికి ‘ఐ ఓవర్‌లుక్డ్ యువర్ రిపోర్ట్’ అని రాస్తే కొంప మునుగుతుంది.

‘త్రూ’ ఒక చివర దూరి ఇంకో చివర తేలడం. గెట్ త్రూ, పుల్ త్రూలకు తెలుగు ‘గట్టెక్కడం’. ‘ఫాల్ త్రూ’ మాత్రం తిరగబడింది. పట్టు దొరక్క సందులోంచి జారిపోయింది, అంటే కుదిరిందనుకున్న బేరం చెడింది.

‘ఇన్’ లోపలికి, లోపలికి కుంగడం కూడా. ‘గివ్ ఇన్’ లొంగిపోవడం, ‘కేవ్ ఇన్’ గోడలు లోపలికి కూలడం. ఫారం విషయంలో ‘ఫిల్ ఇన్’, ‘ఫిల్ అవుట్’ రెండూ ఒకటే. బ్రిటిష్‌వాళ్ళు మొదటిదీ అమెరికన్లు రెండోదీ ఎక్కువ వాడతారు. ఖాళీలను పూరించడం అంటే మాత్రం ఎక్కడైనా ‘ఫిల్ ఇన్’. బకెట్టుకు ‘ఫిల్ అప్’.

‘అవే’ దూరంగా పోవడం: త్రో అవే పారేయ్, గో అవే వెళ్ళిపో. మెల్లమెల్లగా కరిగిపోవడం కూడా ఇందులోనే ఉంది, ఫేడ్ అవే లాగా. ‘బ్యాక్’కు ‘తిరిగి’ సరిపోతుంది. ‘అరౌండ్’ గమ్యం లేకుండా తిరగడం.

మాటల వరస: ‘ఇట్’ పరీక్ష

అర్థం తెలిసినా వాక్యంలో పెట్టేటప్పుడు తప్పు వస్తుంది. కర్మ నామవాచకమైతే రెండు చోట్లా పెట్టొచ్చు: ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’. సర్వనామం అయితే మధ్యలోనే రావాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. కర్మ నాలుగైదు మాటల పొడవుంటే వెనక పెట్టండి, మధ్యలో ఇరికిస్తే వినేవాళ్ళకు ‘ఆఫ్’ వచ్చేసరికి ‘టర్న్’ మరపుకొస్తుంది.

అన్నీ ఇలా విడవవు. లుక్ ఆఫ్టర్, లుక్ ఫర్, రన్ ఇంటు, కమ్ అక్రాస్, గెట్ ఓవర్ మధ్యలో ఏమీ పెట్టనివ్వవు: ‘లుక్ ఆఫ్టర్ హర్’, ‘గెట్ ఓవర్ ఇట్’. ‘హి రాన్ అప్ ఎ బిల్’, ‘హి రాన్ అప్ ఎ హిల్’ పక్కపక్కన పెట్టి చూడండి. బిల్లు ‘రాన్ ఇట్ అప్’ అవుతుంది, కొండ ‘రాన్ అప్ ఇట్’ అవుతుంది. మొదటిది పార్టికల్ (బాకీ పెంచుకున్నాడు), రెండోది ఉత్త విభక్తి లాంటిది (కొండ ఎక్కుతూ పరిగెత్తాడు). పలుకులోనూ తేడా వినిపిస్తుంది, పార్టికల్ మీద ఊనిక పడుతుంది.

కర్మ లేని వాటికి ఈ గొడవే లేదు. ‘ద కార్ బ్రోక్ డౌన్’ అంతే. అదే నామవాచకంగా మారితే రెండు మాటలూ కలిసిపోయి ఊనిక ముందుకు జరుగుతుంది: బ్రేక్‌డౌన్, బ్యాకప్, చెకప్. క్రియగా రాసేటప్పుడు విడగొట్టాలి. ఆఫీసు మెయిళ్ళలో ‘లాగిన్’, ‘బ్యాకప్’లను క్రియలుగా కలిపి రాయడం చాలా కనిపిస్తుంది.

మన దగ్గరే చెల్లే నాణేలు

‘కోప్ అప్ విత్’ అన్నది లేదు, ‘కోప్ విత్’ చాలు. క్యాచ్ అప్ విత్, కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ వరస చూసి ‘కోప్’కూ ‘అప్’ తగిలించారు. ‘రిటర్న్ బ్యాక్’లో ‘బ్యాక్’ దండగ, ‘రిటర్న్’లోనే తిరిగి అన్నది ఉంది. ‘వేర్ ఆర్ యు పుట్ అప్?’ మన దేశం దాటితే అర్థం కాకపోవచ్చు, ‘వేర్ ఆర్ యు స్టేయింగ్?’ అనండి.

అమెరికాలో ఇంటర్వ్యూకు కూర్చున్నవాళ్ళు ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019’ అంటే స్పృహ తప్పి పడిపోయానని వినిపిస్తుంది. సైనిక శిక్షణ ముగించడానికి బ్రిటన్‌లో ఈ మాట ఉంది గానీ కాలేజీకి ‘గ్రాడ్యుయేటెడ్’ అనాలి. ‘ప్రీపోన్’ (ముందుకు జరపడం) ఎక్కువగా మన దగ్గరే వినిపిస్తుంది, తర్కానికి బాగానే ఉంటుంది, నిజానికి ముచ్చటైన మాట. బయట మాత్రం ‘బ్రింగ్ ఫార్వర్డ్’ లేదా ‘మూవ్ అప్’ అంటేనే తెలుస్తుంది.

సాధన

పార్టికల్‌కు రెండేసి పేజీలు వదిలిన నోటుబుక్కు చాలు. అప్, అవుట్, ఆఫ్, డౌన్, ఆన్ ముందు. ఓవర్, ఇన్, అవే, బ్యాక్, త్రూ తర్వాత. వారానికి ఒక్కటే, రోజుకు మూడు క్రియలు మించకుండా. ఒక్కో క్రియ దగ్గర మూడు విషయాలు రాయండి: ఏ కర్మతో చూశారు, తెలుగులో ఏ జంట క్రియ కుదిరింది, ‘ఇట్’ ఎక్కడ వస్తుంది. కర్మ లేకుండా ‘టేక్ ఆఫ్’ అని ఒట్టిగా రాసుకుంటే పది రోజుల తర్వాత అది చొక్కానా విమానమా తెలియదు.

వారం చివర పార్టికల్‌ను చేత్తో మూసి, వాక్యం చూసి చెప్పండి. ఉదాహరణకు ‘బ్రేక్’. చర్చలు మధ్యలో తెగిపోయాయి. యుద్ధం ఉన్నట్టుండి మొదలైంది. దొంగలు ఇంట్లో చొరబడ్డారు. కారు దారిలో ఆగిపోయింది. పెళ్ళికొచ్చిన గుంపు చెదిరిపోయింది. వరసగా ఆఫ్, అవుట్, ఇన్, డౌన్, అప్. యుద్ధానికి ‘అవుట్’ ఎందుకన్నది తట్టకపోతే పైన చెప్పిన గది దగ్గరికి వెళ్ళండి. అంతదాకా లోపల మగ్గుతున్నది బయటపడింది.

ఈ పద్ధతి ఊహను సరైన వైపు తిప్పుతుంది గానీ నిఘంటువు అవసరాన్ని తీసేయదు. ‘టేక్ ఇన్’ అంటే మోసగించడం అనీ, ‘డు అవే విత్’ అంటే రద్దు చేయడం అనీ పార్టికల్‌ను ఎంత పిండినా కచ్చితంగా రాదు. మూడు ముక్కల వాటిని, అంటే పుట్ అప్ విత్ (ఓర్చుకోవడం), గెట్ అవే విత్ (తప్పుచేసి తప్పించుకోవడం), కమ్ అప్ విత్ (ఉపాయం తట్టడం), లుక్ డౌన్ ఆన్ (చిన్నచూపు చూడటం) లాంటివాటిని, ఒక్క మాటగానే నోటికి ఎక్కించుకోండి. ‘లుక్ ఫార్వర్డ్ టు’ తర్వాత ‘మీట్’ రాదు, ‘మీటింగ్’ వస్తుంది. అక్కడి ‘టు’ తర్వాత వచ్చే క్రియకు చెందింది కాదు, ‘లుక్ ఫార్వర్డ్’కు చెందింది.